దీపము క్రింద: మనిషిని దెచ్చి చూపుడు



గడచిన సంచికలో గ్రామసభలను గూర్చి నేను వ్రాసిన పిమ్మట నొక చెల్లెలు జాబు వ్రాసినది. “అక్కగారూ, రాజ్యాంగమనియు స్వేచ్ఛయనియు మీరు తఱచు వ్రాయుచున్నారు. బియ్యములో రాళ్లేరుకొను మాకు వానితో నేమి పని? దొరతనము మంచిదైన నుంచుకొందుము, చెడ్డదైన నైదేండ్లకొకమారు మార్చుకొందుము గదా” యని యామె ప్రశ్న. ప్రశ్న చిన్నదే గాని త్రోసివేయదగినది కాదు. ఐదేండ్లకొకమారు మార్చుకొందుమనెడి యా నమ్మకమే యొకప్పుడు మన దేశమున వమ్మైనది. 1976లో జరుగవలసిన లోక్‌సభ యెన్నికలు జరుగలేదు. సభ తన గడువును దానే పొడిగించుకొన్నది. ఒకమారు గాదు, రెండు మారులు. అద్దెకున్నవాడు గడువు దీరిన దినమున ఇల్లు విడువక, నేనే యొడంబడిక తిరిగి వ్రాసికొంటినని చూపినట్లాయెను.

మా యింటివారు బడిలో చరిత్ర చెప్పుదురు. అశోకుని శాసనములకు, పానిపట్టు యుద్ధములకు బుటలు పుటలు గల పాఠ్యపుస్తకములలో నీ సంగతికి దొరకు చోటు గుప్పెడు పంక్తులు మాత్రమే. నేను బుట్టుటకు బూర్వము జరిగిన విషయమిది. అయినను అశోకునికంటె నిది మన వాకిటికి దగ్గఱి చరిత్ర గనుక, ఈ నెల దీనినే విప్పి చెప్పదలచితిని.

కథకు నడుమ నున్నది యొక లాటిన్ మాట. హెబియస్ కార్పస్ అని న్యాయవాదులందురు. దేహమును దెచ్చి చూపుమని దాని భావము. ఒకనిని సర్కారువారు పట్టుకొనిపోయిరనుకొనుడు. ఆతని భార్యయో, తల్లియో, మిత్రుడో న్యాయస్థానమునకు బోయి, “మావాని నెచ్చట నుంచిరి? ఏ చట్టము ననుసరించి యుంచిరి?” అని యడుగవచ్చును. న్యాయాధిపతి యధికారిని బిలిపించి, మనిషిని నా యెదుట నిలువబెట్టుము, కారణము చెప్పుము, కారణము చట్టబద్ధము గాకున్న విడిచిపెట్టుము, అని యాజ్ఞాపించును. నేరస్థుని దప్పించుట దీని పని కాదు. నేరము చేసినవానిని విచారించి శిక్షింపవచ్చును. విచారణ లేక, కారణము చెప్పక, ఎచ్చట నున్నాడో తెలియనీయక మనిషిని మాయము చేయరాదనుటయే దీని సారము. స్వేచ్ఛను గూర్చిన పెద్ద పెద్ద మాటలన్నియు నీ చిన్న ప్రశ్నమీద నిలిచియున్నవి. మనిషి యెచ్చటనో తెలియనప్పుడు వాని వాక్స్వాతంత్ర్యమును గూర్చి మాటలాడి ప్రయోజనమేమి?

ఇంగ్లాండున నీ హక్కు ఒక్కదినమున రాలేదు. 1627లో మొదటి చార్లెసు రాజు, తాను బలవంతముగా నడిగిన అప్పు నీయమన్న యైదుగురు నైట్లను జెఱలో బెట్టించెను. కారణమేమని యడిగిన, రాజుగారి ప్రత్యేకాజ్ఞ యని మాత్రమే బదులు వచ్చెను. న్యాయాధిపతులు వారిని విడువ సాహసింపరైరి. మఱుసటి యేడు పార్లమెంటువారు పట్టుబట్టి, కారణము చూపక యెవ్వరిని జెఱలో నుంచరాదని రాజుచేత నొప్పించిరి. 1679లో దానికై ప్రత్యేకముగ జట్టమే చేసిరి. ఇంత జాగ్రత్తగా దన యింట గాపాడుకొన్న దానిని ఆంగ్లేయుడు మన దేశమునకు సగము మాత్రమే దెచ్చెను. కలకత్తా, మద్రాసు, బొంబాయి న్యాయస్థానములలో నీ యాజ్ఞ కలదు. దానిని దప్పించుకొనుటకు 1818 నాటి బంగాళా రెగ్యులేషనును గలదు. ఆ రెగ్యులేషను క్రిందనే 1907లో లాలా లజపతిరాయిని విచారణయే లేక మాండలేకు బంపివేసిరి. 1919 మార్చిలో వచ్చిన రౌలటు చట్టము మఱింత ముందునకు బోయి, అనుమానము మీదనే మనుష్యుని రెండేండ్లు నిర్బంధింప వీలు కల్పించినది. వకీలు లేదు, దలీలు లేదు, అపీలు లేదని ప్రజలు దానికి బేరు పెట్టిరి. దాని వెనువెంటనే జలియన్‌వాలాబాగు జరిగినది.

ఇక మన పెద్దలు స్వయముగ రాజ్యాంగము వ్రాయ గూర్చుండిరి. సభ్యులలో ననేకులు విచారణ లేక చెఱసాలలు చూచినవారే. 1948 డిసెంబరులో అంబేద్కరు గారు, హక్కులకై సుప్రీంకోర్టును నేరుగా నాశ్రయించుటకు వీలిచ్చు నధికరణము (నేటి 32వది) రాజ్యాంగమునకు ప్రాణము, హృదయము వంటిదని చెప్పిరి. అంత చెప్పిన సభయే విచారణ లేని ముందస్తు నిర్బంధమునకు 22వ యధికరణమున జోటిచ్చినది. రాజ్యాంగము అమలునకు వచ్చి నెల తిరిగెనో లేదో, 1950 ఫిబ్రవరిలో అట్టి చట్టము చేయబడెను. దానిని బ్రవేశపెట్టిన సర్దార్ పటేలుగారు తమకు రాత్రులు నిదుర పట్టలేదని సభలో జెప్పుకొనిరి. నిదుర పట్టకపోవుట వారి మంచితనము. చట్టము మాత్రము నిలిచినది. అత్త పెట్టిన యారళ్లు మఱవని కోడలే తాను అత్తయైన నాడు తాళపుగుత్తిని బొడ్డున దోపుకొని తిరుగుట మన మిండ్లలో జూడలేదా? దుష్టురాలగుట వలన గాదు. ఇల్లు జాగ్రత్తగా నుండవలెననియే యామె యనుకొనును.

ఆ సభలో హెచ్చరించినవారు లేకపోలేదు. 1949 ఆగస్టులో అత్యయిక స్థితికి సంబంధించిన యధికరణములు చర్చకు వచ్చినప్పుడు హరివిష్ణు కామతుగారు జర్మనీ కథను జ్ఞాపకము చేసిరి. మొదటి ప్రపంచయుద్ధానంతరము జర్మనులు వ్రాసికొన్న వైమార్ రాజ్యాంగము చక్కనిదే. దానిలో 48వ యధికరణము, ఆపత్సమయమున అధ్యక్షుడు పౌరుల హక్కులను నిలిపివేయవచ్చునని చెప్పినది. 1933 ఫిబ్రవరిలో పార్లమెంటు భవనము తగులబడగా, మఱునాడే హిట్లరు మంత్రివర్గమువారు ఆ యధికరణము క్రింద నధ్యక్షునిచేత నుత్తరువు చేయించి హక్కులన్నిటిని రద్దు పఱచిరి. తాత్కాలికమన్న యా యుత్తరువు 1945 వఱకు గదలలేదు. హిట్లరు రాజ్యాంగమును గోడ ద్రవ్వి లోపలికి రాలేదు. రాజ్యాంగమే తెఱచి యుంచిన తలుపున వచ్చెను. హక్కులకై కోర్టు కేగు దారినే మూయవచ్చునని చెప్పు నధికరణము సభ యామోదము పొందిన దినమున, ఇది సిగ్గుపడవలసిన దినమని కామతుగారు వాపోయిరి. వారి మాట చెల్లలేదు. దేశవిభజన నెత్తురింకను ఆఱలేదు, కాశ్మీరమున యుద్ధము జరిగియుండెను, తెలంగాణమున సాయుధపోరాటము నడుచుచుండెను. కావున నా నాటి పెద్దల భయము కారణము లేనిదని నేననజాలను. భయపడినప్పుడు వ్రాసిన వ్రాత భయము తీరిన పిమ్మటను పుస్తకములో నుండిపోవుననుటయే నా మాట.

ఇరువదియాఱేండ్లు గడచెను. 1975 జూన్ 12న అలహాబాదు హైకోర్టున న్యాయమూర్తి జగ్‌మోహన్‌లాల్ సిన్హాగారు ప్రధాని ఇందిరాగాంధీగారి యెన్నిక చెల్లదని తీర్పు చెప్పిరి. ఆమె సుప్రీంకోర్టున జేసికొన్న విన్నపముపై 24న షరతులతో గూడిన నిలుపుదల లభించినది. 25న జయప్రకాశ నారాయణుగారు ఢిల్లీ రాంలీలా మైదానమున సభ చేసి ప్రధాని రాజీనామా కోరిరి. ఆ రాత్రియే రాష్ట్రపతి ఫక్రుద్దీన్ అలీ అహ్మదుగారు ఆంతరంగిక కల్లోలమను కారణముతో అత్యయిక స్థితి ప్రకటనపై సంతకము చేసిరి. మంత్రివర్గమునకు సంగతి తెలిసినది తెల్లవారిన పిమ్మటనే. ఢిల్లీలో బహదూర్ షా జఫర్ మార్గము నందలి పత్రికల అచ్చుకూటములకు రాత్రికి రాత్రియే విద్యుచ్ఛక్తి నిలిచిపోయినది. జయప్రకాశులు, మొరార్జీ దేశాయిగారు మొదలగువారు చీకటి విడువకముందే నిర్బంధమున నుండిరి.

వింత యేమనగా, 1971 డిసెంబరున యుద్ధము నిమిత్తము ప్రకటించిన యత్యయిక స్థితి నప్పటికి దొలగింపనే లేదు. ఒక తాళముండగనే తలుపునకు రెండవ తాళము పడినదన్న మాట. చెల్లెండ్రారా, యుద్ధము ముగిసి మూడేండ్లు గడచినను మొదటి తాళము తీయవేమని యడిగినవారు దేశమున నెందఱు? అందఱ నడుమ నానిన తాళము గనుక నెవరును దానిని జూడనే లేదు.

తరువాత జరిగినదంతయు గాగితము మీద జరిగినది. జూన్ 27న రాష్ట్రపతి యుత్తరువు చేసి, చట్టము ముందు సమానత్వము, ప్రాణము, శారీరక స్వేచ్ఛ, నిర్బంధితుని రక్షణలు — వీనికై యెవ్వరును కోర్టునకు బోరాదనిరి. ఆంతరంగిక భద్రతా చట్టము, అందఱు మీసా యని పిలిచెడి 1971 నాటి చట్టము, మాటిమాటికి సవరింపబడెను. పట్టుకొన్నవానికి గారణము చెప్పనక్కఱలేదని మొదట, ఆ కారణములను న్యాయాధిపతికైనను జూపనక్కఱలేదని పిదప. రాజ్యాంగమే సవరింపబడి, అత్యయిక ప్రకటనను కోర్టులు ప్రశ్నింపరాదని యొక సవరణ, ప్రధాని యెన్నికను కోర్టులు విచారింపరాదని మఱియొక సవరణ వచ్చినవి. ప్రతిదానికి సంఖ్య కలదు, తేది కలదు, సంతకము కలదు. ఎవ్వరును గత్తి దూయలేదు. దేశమంతట లక్షమందికి బైగా నిట్లు నిర్బంధమున బడిరని పిమ్మట విచారణ జరిపిన షా కమిషనువారు తేల్చిరి.

ఆ రోజులలో రైళ్లు వేళకు నడిచినవని, కచేరీలో గుమాస్తాలు పదింటికే కూర్చుండిరని, ధరలు దిగినవని చెప్పు పెద్దలు మా బంధువులలోను గలరు. అబద్ధమాడుచున్నారని నేననను. సమ్మెలతోను, అలజడులతోను జనము విసిగియుండిన మాటయు నిజమే. కాని రైలు వేళకు వచ్చినదని పొగడునప్పుడు, అందు దిగి యింటికి రాని కుమారుని గూర్చి యడుగుటకు దేశమున నొక్క చోటైనను లేకపోయెననుటను గూడ గలిపి చెప్పవలెను గదా!

బడిపంతుళ్ల యింట బడినదానిని గనుక నొక సంగతి నన్ను విశేషముగ గలచినది. కుటుంబ నియంత్రణ పేరిట ఒక్క 1976–77 సంవత్సరముననే ఎనుబది లక్షలకు బైగా శస్త్రచికిత్సలు జరిగినవి. ఉత్తరప్రదేశము మొదలగు చోట్ల బడిపంతుళ్లకును, ఇతర చిన్నయుద్యోగులకును ఇంతమందిని దేవలెనని లెక్క విధించిరి. లెక్క నిండకున్న జీతము నిలుపుదురు. పంతులు పిల్లల తండ్రుల వెంట బడవలసి వచ్చినది. హర్యానాలో ఉటావర్ అను నూరిని 1976 నవంబరులో తెల్లవారుజామున బోలీసులు చుట్టుముట్టి మగవారిని బట్టుకొనిపోయిరి. బిడ్డలెందఱు కావలెనన్నది భార్యాభర్తలు దలుపు మూసికొని మాటలాడుకొను సంగతి. ఆ తలుపునకును సర్కారు చేయి తగిలినది. రాజ్యాంగముతో నాకేమి పని యని యడిగిన చెల్లెలు దీనిని మఱియొకమారు చదువవలెను.

పత్రికలు మూగవైనవి, సభ తన మాట తానే వినుచున్నది. మిగిలినది న్యాయస్థానము. నిర్బంధితుల బంధువులు హైకోర్టులను ఆశ్రయించిరి. తొమ్మిది హైకోర్టులు, కోర్టునకు రారాదన్న యుత్తరువున్నను, నిర్బంధము చట్టప్రకారము జరిగినదా లేదా యని మేము చూడవచ్చుననిరి. ప్రభుత్వము సుప్రీంకోర్టున కెక్కినది. ఐదుగురు న్యాయమూర్తులు విచారణకు గూర్చుండిరి. న్యాయమూర్తి హన్స్‌రాజ్ ఖన్నాగారు ప్రభుత్వపక్షమున వాదించు అటార్నీ జనరల్ నిరేన్ డే గారిని ఒక ప్రశ్న యడిగిరి. ఇరువది యొకటవ యధికరణమున స్వేచ్ఛతో బాటు ప్రాణమును గలదు గదా. పోలీసువాడొకడు సొంత పగతో మనిషిని జంపినచో, మీ వాదము ప్రకారము, అత్యయిక స్థితి యున్నంతకాలము దానికి దిక్కు గలదా? మనస్సునకు గష్టమే గాని, లేదని చెప్పవలసియున్నదని యాయన బదులు చెప్పిరి. ఆ మాట విని మిగిలిన న్యాయమూర్తులు మిన్నకుండిరి.

నాకు భారత సభాపర్వము తలపునకు వచ్చును. మా తండ్రిగారు నా చిన్నతనమున సాయంకాలములందు భారతము చదివించి యర్థము చెప్పెడివారు. ద్రౌపది సభలో నేడ్చినదనియే మనవారు నాటకములలో జూపుదురు. ఆమె ముందుగ జేసిన పని వేఱు. ప్రశ్న వేసినది. తన్ను దానోడిన రాజు నన్నొడ్డుటకు హక్కుగలవాడా యని. అది న్యాయప్రశ్న. అధికారమునకు మొదలెచ్చట, హద్దెచ్చట యను ప్రశ్న. భీష్ముడు ధర్మము సూక్ష్మమనెను. ద్రోణాదులు నోరు మెదపలేదు. వారందఱు వయోవృద్ధులు, జ్ఞానవృద్ధులు, ఎవ్వరును మూర్ఖులు గారు. అందఱిలో జిన్నవాడైన వికర్ణుడు, ధృతరాష్ట్రుని కుమారుడే, లేచి ఇది చెల్లదని చెప్పెను. కర్ణుడు వానిని, బాలుడవు నీకేమి తెలియునని యదలించి కూర్చుండబెట్టెను. పురాణము చెప్పువారు వికర్ణుని రెండు నిమిషములలో దాటిపోవుదురు. నాకది యెన్నడును నచ్చలేదు.

1976 ఏప్రిల్ 28న తీర్పు వచ్చెను. ప్రధాన న్యాయమూర్తి రే గారు, బేగ్ గారు, వై.వి. చంద్రచూడ్ గారు, భగవతిగారు — నలుగురు ప్రభుత్వపక్షము. అత్యయిక స్థితిలో నిర్బంధితునికి హెబియస్ కార్పస్ కోరు హక్కు లేదనిరి. ఖన్నాగా రొక్కరే ప్రాణము, స్వేచ్ఛ యనునవి రాజ్యాంగము దయతో నిచ్చిన భిక్షము గావని, చట్టముననుసరింపక యెవరి ప్రాణము దీయుటకైనను రాజ్యమునకు హక్కు లేదని భిన్నాభిప్రాయము వ్రాసిరి. దీనితో దమకు బ్రధాన న్యాయమూర్తి పదవి దక్కదని వారు ముందే తమ సోదరితో జెప్పియుండిరట. అట్లే జరిగినది. 1977 జనవరిలో వారిని దాటించి వారికంటె జిన్నయగు బేగ్ గారిని ఆ పదవిలో నుంచిరి. ఖన్నాగారు రాజీనామా చేసిరి.

ఆ బేగ్ గారి తీర్పులో నొక మాట గలదు. నిర్బంధితులకు వసతియు, భోజనమును చక్కగా నమర్చుచు నధికారులు చూపు శ్రద్ధ దాదాపు మాతృప్రేమ వంటిదని వారు వ్రాసిరి. తల్లులమైన మనము దీనిని జదివి యేమనుకొనవలెను?

ఆ తీర్పు వెలువడిన నాలుగు దినములకు, మే 2న, స్నేహలతారెడ్డిగారిని నిర్బంధించిరి. ఆమె యాంధ్రదేశమున బుట్టిన నాటకనటి, ‘సంస్కార’ యను ప్రసిద్ధ కన్నడ చిత్రమున నటించినది. భర్త పట్టాభిరామిరెడ్డిగారు మన తెలుగుకవి పట్టాభియే. బరోడా డైనమైట్ కేసులో సంబంధము గలదని పట్టుకొన్నను అభియోగపత్రమున నామె పేరే చేర్పలేదు. నేరము మోపలేనప్పుడు విడువవలెను గదా; మీసా యుండగా నా యవసరమేమి? బెంగుళూరు చెఱసాలలో ఎనిమిది నెలలుంచిరి. ఆమెకు ఉబ్బసము. ఊపిరాడక పలుమారులు సొమ్మసిల్లినది. ఆ స్థితిలోను తోడి స్త్రీఖైదీల తిండికై, వారిపై పడు దెబ్బలు మాన్పుటకై యధికారులతో బోరాడినది, దినచర్య వ్రాసికొన్నది. అది తరువాత నచ్చయినది. 1977 జనవరి 15న విడుదల చేసిరి. 20వ తేదిన చనిపోయినది. నలుబది నాలుగేండ్లు. ఇదియే మాతృప్రేమ.

మఱియొక కథ కేరళదేశమునది. కాలికట్ రీజనల్ ఇంజనీరింగు కళాశాలలో జదువుచున్న రాజన్ అను యువకుని 1976 మార్చి 1న బోలీసులు పట్టుకొనిపోయిరి. తండ్రి ఈచ్చర వారియర్‌గారు హిందీ బోధించు నధ్యాపకులు. ఆయన పోలీసు అధికారులను, మంత్రులను, ఎక్కని గడప లేక యడిగిరి. మాకు దెలియదనిరి. ఒక సంవత్సరము. 1977 మార్చి 21న అత్యయిక స్థితి తొలగినది. కొలది దినములలోనే యాయన కేరళ హైకోర్టున హెబియస్ కార్పస్ దరఖాస్తు పెట్టిరి. ప్రభుత్వము, మేము పట్టుకొననే లేదని ప్రమాణపత్రము దాఖలు చేసినది. న్యాయమూర్తులు సాక్ష్యములు చూచి, పట్టుకొనినమాట నిజము, మనిషిని దెచ్చి చూపుడని యాజ్ఞాపించిరి. చూపుటకు మనిషి లేడు. కక్కయం శిబిరమున హింసలకు దాళలేక పట్టుకొన్న మఱునాడే ప్రాణము విడిచెను. ఆ దేహము నేటికిని దొరకలేదు. ముఖ్యమంత్రి కరుణాకరన్‌గారు ఆ యేప్రిలులోనే రాజీనామా చేయవలసి వచ్చినది. రాజన్ తల్లికి మనస్సు చెదరినది; కుమారుడు లేడన్న మాట యామె చెవిని వేయుటకు భర్తకు నోరు రాలేదు.

ఏడాదిపాటు మంత్రులు పెదవి విప్పని ప్రశ్నకు, కోర్టు తలుపు తెఱచిన వెంటనే వారములలో జవాబు వచ్చినది. ఆ తలుపే రాజన్‌ను బట్టుకొన్న మఱునాడు తెఱచియుండిన నేమయ్యెడిదో యని నేను పలుమారులు తలపోసితిని.

మన ప్రాంతము సంగతి దాచుట ధర్మము గాదు. 1975 జూలైలో మెదకు జిల్లా గిరాయిపల్లి యడవిలో నలుగురు విద్యార్థులు కాల్చబడిరి. ఎదురుకాల్పులని పోలీసులనిరి, తార్కుండేగారి యాధ్వర్యమున జరిగిన పౌరుల విచారణ, పట్టి తెచ్చి కాల్చిరని తేల్చినది. అయినను 1977 మార్చి యెన్నికలలో ఉత్తరదేశమంతయు నా ప్రభుత్వమును ద్రోసివేయగా, ఆంధ్రప్రదేశమున 42 స్థానములలో 41 కాంగ్రెసుకే దక్కినవి. నంద్యాలలో నీలం సంజీవరెడ్డిగా రొక్కరే వేఱుపక్షమున గెలిచిరి. బలవంతపు శస్త్రచికిత్సల వేడి యుత్తరదేశమున దగిలినంతగా మనకు దగులలేదు. మూగవైన పత్రికలు చదివి, మూగవైనవని తెలియక మనము హాయిగానుంటిమి. ప్రక్కయింటి పొగ మన కంటికి రాలేదు. ఓటు మన సొత్తు, ఎవరికైన వేయవచ్చును. తెలిసి వేసితిమా యన్నదే నా సందేహము.

తరువాతి ప్రభుత్వము 1978లో 44వ సవరణ చేసినది. కల్లోలమను సాగుడు మాటను దీసివేసి సాయుధ తిరుగుబాటని వ్రాసిరి. మంత్రివర్గము వ్రాతమూలకముగ సలహా యీయక రాష్ట్రపతి ప్రకటన చేయరాదు. నెలలో బార్లమెంటు మూడింట రెండు వంతుల మెజారిటీతో నొప్పవలెను. ఆఱు నెలలకొకమారు మరల నొప్పవలెను. అన్నిటికంటె ముఖ్యము, 20, 21 అధికరణములను ఏ యత్యయిక స్థితిలోను నిలుపరాదు. ఇవి యన్నియు 1975 రాత్రిని ముందు బెట్టుకొని, ఏ కంతలో దొంగ దూరెనో యా కంతకే మట్టి మెత్తినట్లు చేసిన పనులు.

సుప్రీంకోర్టు తన తీర్పును దాను దిద్దుకొనుటకు నలుబది యేండ్లకు బైగా బట్టినది. 2017 ఆగస్టు 24న తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము, వ్యక్తి యేకాంతము ప్రాథమిక హక్కని నిర్ణయించుచు, 1976 నాటి తీర్పు చెల్లదని ప్రకటించెను. ఆ మాట వ్రాసినవారు డి.వై. చంద్రచూడ్ గారు, 1976లో ప్రభుత్వపక్షము వహించిన వై.వి. చంద్రచూడ్ గారి కుమారుడు. భారతసభలోనే విదురుడు చెప్పిన యొక కథ గలదు. సుధన్వునకు, తన కుమారుడు విరోచనునకు వాదము రాగా, ప్రహ్లాదుడు కుమారుడని చూడక సుధన్వుడే శ్రేష్ఠుడని తీర్చెను. ఇచ్చట కుమారుడు తండ్రి తీర్పును గొట్టివేసెను. అదే తీర్పున, మన రాజమహేంద్రవరమువారగు కోకా సుబ్బారావుగారు 1962లో వ్రాసిన భిన్నాభిప్రాయమును సరియైనదని గ్రహించిరి. రాత్రివేళ బోలీసులు ఖడక్ సింగ్ అనువాని యింటి తలుపు తట్టి చూచిపోవుచుండిన కేసది. ఇంటిలో మనుష్యునికి దనదైన యేకాంతము లేకున్న స్వేచ్ఛ యేమి యని సుబ్బారావుగారి వాదము. ఆయనతో నాడేకీభవించిన న్యాయమూర్తి జె.సి. షా గారే పిమ్మట షా కమిషను నడపినవారు.

కంత లన్నియు బూడ్చిరా యనిన, లేదు. అదే 44వ సవరణలో, సలహామండలి యెదుటికి రాక మనిషిని మూడు నెలలు నిర్బంధింపవచ్చునన్న దానిని రెండు నెలలకు దగ్గించు భాగమొకటి గలదు. దాని అమలుతేదిని నిర్ణయించు పని ప్రభుత్వమునకు విడిచిరి. నలువది యేండ్లు దాటినను ఆ తేది రాలేదు. ఎన్ని పక్షములు గద్దె నెక్కినవి, దిగినవి! ఈ తాళపుగుత్తి విషయమున మాత్రము అన్ని యత్తలదియు నొకే మాట. 1980లో వచ్చిన జాతీయ భద్రతా చట్టము నేటికిని గలదు.

జాబు వ్రాసిన చెల్లెలి కొఱకు నాలుగు పనికివచ్చు మాటలు. మామూలు నేరమున నెవ్వరినైన నిర్బంధించినచో, ప్రయాణకాలము గాక, ఇరువది నాలుగు గంటలలో మేజిస్ట్రేటు ముందు నిలుపవలెను, కారణము చెప్పవలెను, తనకు నచ్చిన న్యాయవాదితో సంప్రదింపనీయవలెను, ఇంటివారికి గబురు చేయవలెను. స్త్రీని సూర్యాస్తమయము మొదలు సూర్యోదయము వఱకు నిర్బంధింపరాదు. తప్పనిసరియైన ప్రత్యేక పరిస్థితిలో మహిళా పోలీసు అధికారిణి వ్రాతమూలకముగ నివేదించి మేజిస్ట్రేటు అనుమతి ముందుగ బొందవలెను. హెబియస్ కార్పస్ దరఖాస్తు నిర్బంధితుడే పెట్టనక్కఱలేదు. భార్య, తల్లి, పొరుగువా రెవరైనను హైకోర్టున బెట్టవచ్చును. 1979లో ఒక ఖైదీ చెఱసాల నుండి వ్రాసిన యుత్తరమునే సుప్రీంకోర్టు దరఖాస్తుగ గ్రహించినది. 1987 నాటి న్యాయసేవల చట్టము ప్రకారము స్త్రీలకు, వారి యాదాయ మెంతైనను, న్యాయసహాయము ఉచితము. ప్రతి జిల్లా కోర్టు ఆవరణలోను దానికై సంస్థ గలదు. ఈ పుటను గత్తిరించి ఇంటిపన్ను రసీదులుంచు సంచిలో వేసికొనుడు.

రాజ్యాంగసభలో గూర్చున్న పదునైదుగురు స్త్రీలలో నొకరగు మన దుర్గాబాయమ్మగారు, ఉప్పు సత్యాగ్రహమున జెఱసాలకు బోయి వచ్చినవారు, ఆ సభలో నేమి చేసిరని మఱియొక సోదరి యడిగినది. దానికి వచ్చు నెల.